అంతలో మేనమామ

మా పెద్దమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను వికారాబాద్ స్టేషన్‌లో మిర్చి బజ్జీలు తింటున్నాను. ఆమె కోసం కట్టించిన పొట్లమే అది. తాండూర్ పోయే బండి ఆలస్యం, పొట్లమేమో వేడివేడిగా ఉంది. ఒకటి తీస్తే ఏం తెలుస్తుందిలే అని తీశాను, తర్వాత ఇంకొకటి. ఫోన్‌లో నాన్న "బిడ్డా, పెద్దమ్మ..." అని ఆగిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, కందిపప్పు చాట పక్కన పెట్టుకుని, గోడకు ఒరిగి కునుకు తీసిందట. మళ్లీ లేవలేదు. నా చేతిలో సగం బజ్జీ, నోట్లో సగం. ఏడవాలంటే ముందు అది మింగాలి.

ఈ సంగతి చెప్పి ఉంటే ఆమె చాట కింద పెట్టి మరీ నవ్వేది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంతకు బజ్జీలు మంచిగుండెనా?" అని అడిగేది. మంచిగానే ఉన్నాయి పెద్దమ్మా. అందుకే మొహం వేలాడేసుకుని నీ గురించి రాయడం నాకు చేతకావడం లేదు.

ఆమె మా నాన్నకు వదిన. తాండూర్ బజారులో మాది పప్పుల దుకాణం. దుకాణం వెనకే ఇల్లు, రెండు కుటుంబాలకూ ఒకటే వంటిల్లు. పెద్దమ్మ పుట్టింది బార్డర్ అవతల, కన్నడ పల్లెలో. పెళ్లయి వచ్చేనాటికి తెలుగు మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు, ఎందుకంటే చదువుకున్నది కన్నడ బడిలో. ఆ రోజుల్లో సరుకులు కట్టడానికి పాత కాగితాలు తూకానికి కొనేవాళ్లు. అలా కొన్న ఒక కట్టలో ఆమెకు ఒక పుస్తకం దొరికింది. అప్పటికే దాని ముందు అట్టా, పేరున్న పేజీ లేవు. "పుస్తకం పేరు ఎవరింటికో జీలకర్ర కట్టుకొని పోయింది" అనేది పెద్దమ్మ. మిగతా పేజీలు కూడా అదే దారి పట్టకముందే తీసి బియ్యం డబ్బా మీద దాచుకుంది.

ఆ పుస్తకంతోనే తెలుగు నేర్చుకుంది. కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కదా, ఆ పోలికలు పట్టుకుని ఒక్కో అక్షరాన్నీ గుర్తుపట్టింది. "మా అక్షరం అడ్డంగ టోపి పెట్టుకుంటది, మీ అక్షరం జర స్టైల్‌గ టిక్కు కొట్టుకుంటది. గంతే తేడ" అని నాకు చెప్పేది. ఆ చదువు గురించి ఆమె మాటల్లోనే చెప్పాలి. "మొదటిసారి అక్షరాలు సదివిన. రెండోసారి మాటలు సదివిన. మూడోసారికి కథ సమజైంది. ఇగ అప్పటిసంది మనుషులను సదువుతున్న."

కథ పెద్దదేం కాదు. ఒక మేనమామ ఉంటాడు. ఎడ్లబండి కట్టుకుని ఊరూరూ తిరుగుతూ మాటలు మానేసిన చుట్టాలను మళ్లీ కలుపుతుంటాడు. ఎవరింట్లో పెళ్లయినా భోజనాల బంతిలో ఆయన ఉండాల్సిందే, పప్పు రెండోసారి అడగాల్సిందే. పేరు తెలియదు కాబట్టి మా ఇంట్లో అది మేనమామ పుస్తకం.

దాంట్లో ఒక తప్పు ఉంది. పుస్తకాన్ని కొన్ని కొన్ని పేజీల కట్టలుగా అచ్చు వేసి, ఆ కట్టలను వరసగా పెట్టి కుడతారు. ఒక్కో కట్టను ఫారం అంటారు. మా పుస్తకం కుట్టినవాళ్లెవరో ఒక ఫారాన్ని వెనక్కి పెట్టేశారు. అది పెళ్లి భోజనాల ఫారం. అసలు వరసలో మేనమామ ముందు పెళ్లిలో భోంచేస్తాడు, చాలా రోజుల తర్వాత జ్వరం వచ్చి చనిపోతాడు. మా పుస్తకంలో మాత్రం బండి పెళ్లి ఊరి పొలిమేర చేరీ చేరగానే, పేజీ తిప్పితే జనం గిన్నెలు తోముతుంటారు. పెళ్లి మాయం. ఆ తర్వాత మేనమామ చనిపోతాడు. ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. చెల్లెలు ఆయన చెప్పుల వైపు చూస్తూ గడప మీద కూర్చుంటుంది. ఆ పేజీలో చిట్టచివరి మాట "అంతలో".

పేజీ తిప్పితే "మేనమామ చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు."

కథ అర్థమవుతూ మొదటిసారి ఆ చోటికి వచ్చినప్పుడు పెద్దమ్మ ఇంకా కొత్త కోడలే. చనిపోయిన మనిషి కోసం వంటింట్లో కొంగు తడుపుకుని, పేజీ తిప్పి, ఒక్కసారిగా "వచ్చినవా!" అని అరిచిందట. దుకాణంలోంచి పెద్దనాన్న ఉరికొచ్చాడు.

"ఎవరొచ్చిండ్రు?"

"మేనమామ."

"ఎవరి మేనమామ?"

"ఎవరిదైతేంది, వచ్చిండు గద!"

పెద్దనాన్న పుస్తకం తీసుకుని చూశాడు. ఆయన వ్యాపారి, ఆయన కళ్లు ముందు అంకెల మీదే పడతాయి. పేజీ నంబర్లు చూపించి, "ఇది తప్పు సరుకు. తప్పు సరుకు వస్తె వాపస్ పంపుతరు గని ఇంట్ల పెట్టుకుంటరా?" అన్నాడు. ఆ గొడవ వాళ్ల కాపురమంతా నడిచింది. నేను డిగ్రీలో చేరిన కొత్తలో, ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టినట్టు నేనూ ఆ నంబర్లు తీసుకెళ్లి పెద్దమ్మకు చూపించాను. పప్పులోంచి తల ఎత్తకుండానే, "నంబర్లు నాకు గూడ కనవడ్తయి బిడ్డ. కోమటోళ్ల కోడల్ని. కనవడ్డదల్ల సరిజేస్తమా?" అంది.

అప్పటికే "అంతలో మేనమామ" మా ఇంటి సామెత అయిపోయింది. కరెంటు పోయి వస్తే అంతలో మేనమామ. రాదనుకున్న బాకీ వస్తే అంతలో మేనమామ. మోమిన్‌పేట నుంచి చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగితే మా అమ్మ వంటింట్లో గొణిగేది కూడా అదే, కాకపోతే రాగం వేరు. బయటివాళ్లకు మేం పిచ్చివాళ్లలా కనిపించి ఉంటాం.

కందులు దుకాణానికి వచ్చే కాలంలో మా ఇంటి సాయంత్రాలు చూడాలి. పెద్దమ్మ చాటలో పప్పు ఏరుతుంటుంది. చేతులూ కళ్లూ చాటలో ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాలి. నాకు చదవడం వచ్చినప్పటి నుంచీ ఆ పని నాదే. యాలాల్ నుంచి కందులు తెచ్చిన రైతులు కాంటా మీద తూకం అయ్యేదాకా అరుగు మీద కూర్చుని వినేవాళ్లు. ఒకాయన కాంటా అయిపోయినా లేవలేదు. "జర ఆగమ్మ, గా మేనమామ బండెక్కనియ్యి, పోత" అన్నాడు.

పెద్దమ్మ ఊరికే వినే రకం కాదు, కొట్లాడుతూ వింటుంది. పుస్తకంలో మేనమామను ఇంట్లో అడుగు పెట్టనివ్వని ఒక వదిన ఉంది. నా చిన్నప్పుడు ఆ వదిన పేరు వస్తే చాలు, పెద్దమ్మ కన్నడంలో తిట్టేది. ఆ తిట్లు నాకు అర్థం కాకూడదని ఆమె ఉద్దేశం. ఈ బార్డర్‌లో పుట్టినవాళ్లకు తిట్లే ముందు వస్తాయని ఆమెకు తెలియనట్టు. కొన్నేళ్ల తర్వాత అదే చోట చదువుతుంటే పెద్దమ్మ నోరు మెదపలేదు. ఏంటని అడిగాను.

"ఇయ్యాల తిట్టబుద్ధి అయితలేదు బిడ్డ. గామె ఇంట్ల ఎంతమందికి వండుతుందో ఎన్నడన్న లెక్కవెట్టినమా? మీదికెళ్లి గీయన సుట్టాలను ఏసుకొని వస్తడు."

"పోయినసారి రాక్షసి అంటివి?"

"పోయినసారి నేను కోడల్ని. ఇప్పుడు వంటిల్లు నాది."

పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. నేను చదివే కథల్లో ఎన్ని మలుపులున్నా, ఇంత పెద్ద మలుపు చూడలేదు. "పప్పు ఒక్కసారి ఏరితె కనవడ్డ రాళ్లు పోతయి. రెండోసారి ఏరితెనే పప్పులెక్కనే ఉన్న రాయి దొరుకుతది" అనేది. చదివిందే చదవడం ఎందుకని నేను అడిగినప్పుడల్లా ఇదే జవాబు.

నేను అడిగేదాన్నే. నాది ఒకచోట నిలవని ప్రాణం. పుస్తకం కొంటాను, సగం చదువుతాను, ఇంకోటి కొంటాను. నా మంచం కింద సగం చదివిన పుస్తకాలు చూసి పెద్దమ్మ, "పాపం, అందర్ని పెండ్లిచూపులు చూసి వదిలేసినవు" అంది. మరోమాట కూడా అనేది: "కొత్త పుస్తకం సుట్టమసోంటిది, మర్యాద చేస్తె చాలు. పాత పుస్తకం ఇంటి మనిషి, అలుగుతది కూడ." ఒకసారి ఫోన్‌లో ఒక కథ వినిపించాను. నా అలవాటు ప్రకారం వేగం పెంచి పెట్టాను. పెద్దమ్మ కాసేపు చెవొగ్గి విని, "గాయన ఎందుకు గంత ఉరుకుతుండు? బండి పోతుందా?" అంది. మామూలు వేగానికి తగ్గించాను. "ఇప్పుడు మంచిగుంది. గని నేను ఆగు అంటె ఆగుతడా?" ఆగడు పెద్దమ్మా. "మరి నాతోని కొట్లాడుతడా?" కొట్లాడడు. "అయితె వద్దు తియ్, నువ్వే సదువు."

ఆమెకు నేను దేనికి రుణపడి ఉన్నానో చెప్పాలి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఊరంతా చెప్పుకున్నారు. కొన్ని నెలలకే ఊపిరాడక వదిలేసి, ఎవరికీ చెప్పకుండా బ్యాగు వేసుకుని ఇంటికి వచ్చేశాను. గడపలో నిలబడ్డాను. నాన్న పేపరు దించాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పెద్దమ్మ చాట పక్కకు జరిపి, "అంతలో మేనమామ!" అంది. "వచ్చినవా? కూసో. పప్పు వేడిగుంది."

నాన్నకు నవ్వు వచ్చింది. నవ్వాక ఇక తిట్టలేకపోయాడు. పుస్తకంలో చనిపోయినాయనకు ఆమె ఎప్పుడూ చెప్పే స్వాగతం అది, ఒక్క అక్షరం తేడా లేకుండా నాకు చెప్పింది. ఆ తర్వాత నేను మరో రెండు ఉద్యోగాలు మారాను. ప్రతిసారీ పప్పు వేడిగానే ఉంది.

పుస్తకానికి గండం వచ్చింది ఈమధ్యే, అదీ అనంతగిరిలో. పద్మనాభస్వామి దర్శనం చేసుకుని మెట్ల మీద కూర్చున్నాం. పెద్దమ్మ సంచిలో కొబ్బరిచిప్ప ఉంది, పుస్తకం ఉంది. కోతి వచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. కొబ్బరి తీసుకుంటుందనుకుంటే పుస్తకం లాక్కుని రాయి మీదికి ఎక్కింది. పెద్దమ్మ కొబ్బరిచిప్ప చేత్తో ఎత్తి పట్టుకుని బేరానికి దిగింది. "ఏయ్, సూడు ఇటు. గది నీకు సదువరాదు, ఇది నాకు నమలరాదు. మారుద్దామా?" చుట్టూ జనం పోగయ్యారు. పెద్దనాన్న, "నీ తప్పు సరుకును కోతి గూడ తీస్కోదు, నువ్వే సూడు" అన్నాడు. అన్నట్టే కాసేపటికి కోతి పుస్తకం వదిలేసి కొబ్బరి తీసుకుంది. ఈలోపు వెనక అట్ట చిరిగింది, కుట్టు తెగింది, ఫారాలు విడివిడిగా నా ఒడిలో పడ్డాయి.

పాత పుస్తకాలు కుట్టే బైండింగ్ చాచా వికారాబాద్‌లో ఉన్నాడని తెలిసి, ఆ రోజు పొద్దున తీసుకెళ్లాను. అదే, ఫోను వచ్చిన రోజు. చాచా కళ్లద్దాలు సర్దుకుని ఫారాలు వరసగా చూసి చిరునవ్వు నవ్వాడు.

"గీ ఫారం ఎన్కకు వడ్డది బేటీ. ఫికర్ చెయ్యకు, సరి జేస్త."

"వద్దు చాచా, అట్లనే కుట్టు."

"అట్లనే అంటె?"

"తప్పు తప్పు లెక్కనే ఉండాలె."

చాచా నన్ను కిందికీ మీదికీ చూశాడు. "డిగ్రీ చదివినవా?"

"చదివిన."

"గందుకే." ఫారాలు పక్కన పెట్టేశాడు. "ఇన్నేండ్లల్ల నా చేతికెళ్లి తప్పు పుస్తకం పోలేదు. రేపు ఎవరన్న తెరిచి చూస్తె నవ్వరా?"

నాతో కాలేదు. పెద్దమ్మకు ఫోను కలిపి స్పీకర్ పెట్టాను.

"అన్నా, నువ్వు పెండ్లిళ్లకు పోతవా?" అంది పెద్దమ్మ, పలకరింపు కూడా లేకుండా.

చాచా తడబడ్డాడు. "పోత అమ్మా."

"బువ్వ ఎన్నడన్న ఆలస్యం పెట్టిండ్రా?"

"మస్తు సార్లు."

"తినకుంట లేసి వచ్చినవా?"

"ఎందుకొస్త?"

"మరి! మా మేనమామకు గూడ బువ్వ జర ఆలస్యమైంది. పాపం, సచ్చినంక పెట్టిండ్రు. ఇప్పుడు నువ్వు ఇస్తరి ముందలికెళ్లి లేపుతవా?"

చాచా నవ్వాడు, కానీ మాట ఇవ్వలేదు. "సూస్త అమ్మా. నా పనికి గూడ ఇజ్జత్ ఉంటది గద. శుక్రవారం దాటినంక రమ్మను."

"సూడు మంచిగ. బిడ్డా, స్టేషన్ కాడ బజ్జీలు తే. వేడియి." ఆమె నాతో అన్న చివరి మాట అదే. దీనికంటే మంచి చివరి మాట నాకు తెలియదు.

దినాలు జరుగుతున్నంతసేపూ ఇంటినిండా జనం. నా ధ్యాసంతా మాత్రం పుస్తకం మీదే. చాచా ఫోను నంబరు తీసుకోలేదు. ఆయన సరిచేసేస్తే? సరైన వరసలో ఆ మాట తర్వాత ఏముందో నేను ఎప్పుడో చూశాను: "అంతలో వాన మొదలైంది." అంతే. చెల్లెలు గడప మీదే ఉంటుంది, చెప్పులు తడుస్తాయి, ఎవరూ రారు. అప్పుడు మా ఇంటి సామెతకు అర్థం ఉండదు. పెద్దమ్మ అన్ని సాయంత్రాలు ఎవరికి కూర్చోమని చెప్పినట్టు?

పెద్దనాన్న నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "పుస్తకం ఏది?"

"వికారాబాద్‌ల ఉంది, బైండింగ్‌కు."

"ఆయనేమన్న సరిజేస్తడేమో గద?"

"తప్పు సరుకు అంటివి గద పెద్దనాన్నా?"

"తప్పే" అన్నాడు. "గని..." లేచి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

మర్నాడే బండెక్కాను. చాచా నన్ను చూడగానే, "మీ అమ్మ మస్తు మాటకారి బేటీ" అని మొదలుపెట్టాడు. అమ్మ కాదు పెద్దమ్మ అన్నాను, ఇక లేదని చెప్పాను. చేతిలో పని కింద పెట్టాడు. "ఫోన్ల మాట్లాడిన అమ్మనేనా?" అని అడిగాడు. తర్వాత అల్మారాలోంచి పుస్తకం తీసి తన చొక్కాతో ఒకసారి తుడిచి ఇచ్చాడు. కుట్టు మీద ఎర్ర బట్ట, గట్టి అట్ట. నిలబడే తెరిచాను. గడప, చెప్పులు, "అంతలో". పేజీ తిప్పాను.

ఖాళీ. పసుపుపచ్చటి ఖాళీ కాగితం.

నా మొహం చూసి చాచా తొందరగా, "ఇంకోటి తిప్పు, ఇంకోటి తిప్పు" అన్నాడు. తిప్పాను. మేనమామ చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

"అమ్మ చెప్పినట్టె కుట్టిన. నడుమ ఖాళీ కాయితం నేను పెట్టిన, పోయిన వారమే. పోయినోడు మళ్ల రావాలంటె జర జాగ ఉండాలె గద బేటీ."

మీకూ మళ్లీ మళ్లీ చదివే పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఒక మాట చెప్తాను. దాన్ని ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ తిట్టారో అదంతా ఆ పేజీల్లోనే ఉండిపోతుంది, మళ్లీ తెరిచినప్పుడు దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది.

దినాలైన మర్నాటి సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయారు. ఇంటి వాకిట్లో పెద్దనాన్న పెద్దమ్మ చాట ముందేసుకుని కూర్చున్నాడు. జీవితమంతా పప్పు అమ్మాడుగానీ ఏరడం ఆయనకు రాదు, రాళ్లతోపాటు పప్పూ పారేస్తున్నాడు. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. "సదువు" అన్నాడు నాతో. మొదటి నుంచి కాదు, జ్వరం దగ్గర నుంచి చదవమన్నాడు.

చదివాను. మేనమామ కళ్లు మూశాడు. ఇల్లంతా ఏడ్చింది. చెల్లెలు గడప మీద కూర్చుంది. "అంతలో" అని చదివి పేజీ తిప్పాను. ఖాళీ కాగితం వచ్చింది. ఇదివరకు ఆ చోట ఆగడం ఉండేది కాదు. ఇప్పుడు ఆగాను. అమ్మ నా వైపు చూసింది. చాటలో పెద్దనాన్న వేళ్లు కూడా ఆగాయి.

కాగితం తిప్పాను. "మేనమామ చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు."

"వచ్చినవా?" అన్నాడు పెద్దనాన్న, తల ఎత్తకుండానే. "కూసో. పప్పు వేడిగుంది."

అని, చాటను కొంచెం పక్కకు జరిపాడు. ఒక మనిషి కూర్చునేంత.